“ఏం లేదక్కా” అన్న మాట

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో గోపన్‌పల్లి సంఘం లీడరు చేసిన ప్రసంగం. ఆమె మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాము.)



నాకు ఇచ్చిన అంశం “సమావేశాల్లో వివాదాస్పద విషయాలు రాకుండా చూసుకోవడం”. కాగితం మీద ఇట్లనే రాసి ఇచ్చిండ్రు. మా సంఘంల గొడవలు లేవు, కొట్లాడి ఎవరూ బయటికి పోలేదు, అందుకని నన్ను మాట్లాడమన్నరు. నిజమే, మా దగ్గర గొడవలు లేవు. గొడవలు లేకుండ ఎట్ల చేసుకున్నమో చెప్త. దానికి మేము ఏం కట్టవలసి వచ్చిందో గూడ చెప్త. ఈ రెండోదానికే ఎక్కువ టైం పడతది. అధ్యక్షురాలక్క తొందరపడి బెల్లు కొట్టొద్దు.

ముందు మేము మీటింగుల ఏం మాట్లాడుకుంటమో చెప్త. మా గోపన్‌పల్లి మీ అందరికీ తెలిసిందే. ఒక దిక్కు విప్రో, ఒక దిక్కు నల్లగండ్ల, తెల్లాపూర్, ఇంకో దిక్కు సెంట్రల్ యూనివర్సిటీ. నడుమ పాత ఊరు, తండా, బస్తీలు. మా పది మందిల ఇద్దరు ఊరోళ్ళు, ఒకామె తండా ఆమె, ముగ్గురు పాలమూరు దిక్కు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయినోళ్ళు, ఇద్దరు శ్రీకాకుళం వాళ్ళు, ఒకామె కర్నూలు, నేను మెదక్ దిక్కు నుంచి కోడలిగా వచ్చిన. సగం మంది అపార్ట్‌మెంట్లల్ల పనికి పోతరు. ఇన్ని దిక్కుల మనుషులం ఒక్క చాప మీద కూర్చుంటే ఏం మాట్లాడాలె? నీళ్ళు ఎన్నింటికి వచ్చినయి. సీరియల్ల నిన్న ఏమైంది. 2024 జులైల తండా దగ్గర ఫ్లైఓవర్ తెరిచినంక ట్రాఫిక్ తగ్గిందా, పెరిగిందా. ఈ ఫ్లైఓవర్ ముచ్చట మాకు ఏడాది పొడుగునా నడిచింది. ఎవరికీ నొప్పి తగలని ముచ్చట అది. అందరం తలా ఒక మాట అంటం, పొదుపు కడతం, సంతకం పెడతం, ఇంటికి పోతం.

ఇట్ల మాట్లాడాలని మాకు ఎవరో నేర్పింది కాదు. దానికి ఒక కారణం ఉన్నది. నేను 2010ల కోడలిగా వచ్చిన. అప్పుడు సంఘం మా అత్తమ్మ వాళ్ళది. 2011ల సకల జనుల సమ్మె మీకు యాదుంటది. సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు నడిచింది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. ఆ రోజులల్ల సంఘంల శ్రీకాకుళం ఆమెను ఒకామె ఏదో ఒక మాట అన్నది. ఆ మాట నేనిప్పుడు చెప్పను. ఆమె గూడ ఊరుకోలే, ఇంకో మాట అన్నది. చాప మీద నుంచి ఇద్దరూ లేచిండ్రు. అప్పటి లీడరు, ఆమె ఇప్పుడు లేదు, పెద్దమనిషి, సంతకం గూడ రాకపోతుండె, వేలిముద్ర వేసేది. ఆమె అన్నదంట, “రాష్ట్రం వచ్చేదుంటే వస్తది, రాకుంటే రాదు. రేపు పదో తారీఖు కిస్తీ మాత్రం వస్తది” అని. ఆ రోజే తీర్మానాల పుస్తకంల రాయించింది. పార్టీ మాట, కులం మాట, మతం మాట, ప్రాంతం మాట సంఘంల బంద్. ఎవరు ఎత్తినా పది రూపాయలు జుర్మానా.

ఆ పది రూపాయలు ఎవరూ కట్టిన జాడ పుస్తకంల లేదు. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. బయట పటాకులు కాలుతుంటే లోపల అదే పది మంది. ఆ శ్రీకాకుళం ఆమె ఇప్పటికీ మా సంఘంలనే ఉన్నది. ఆమెను మాట అన్నామె బిడ్డ పెండ్లికి అరిసెలు వండింది గూడ ఈమెనే. అందుకని ఆ తీర్మానాన్ని నేను తక్కువ చెయ్యను. ఆ రోజు ఆ మాట ఆపకుంటే సంఘం ఆ చాప మీదనే రెండు ముక్కలైతుండె.

మొన్నటికి మొన్న గూడ అదే మమ్మల్ని కాపాడింది. 2025 మార్చి నెలాఖరుల కంచ గచ్చిబౌలిల నాలుగు వందల ఎకరాల కాడ చెట్లు కొట్టుడు మొదలైంది. రాత్రిపూట నెమళ్ళు అరిచిన వీడియోలు అందరి ఫోన్లకు వచ్చినయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నది. మా సంఘంల ఒకామె భర్త జేసీబీ మీద పనిచేస్తడు. ఇంకొకామె యూనివర్సిటీ హాస్టల్ల వంట పనికి పోతది, ఆ పిల్లలను కన్నబిడ్డల లెక్క చూస్తది. ఆ వారం మీటింగుల ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నరు. ఎవరం ఆ మాట ఎత్తలే. మేము మాట్లాడితే ఆ చెట్లు నిలబడేది లేదు, పడేది లేదు, వీళ్ళిద్దరి నడుమ మాత్రం చిచ్చు పడేది. ఎత్తకపోవుడే మంచిదైంది అని ఇప్పటికీ అనుకుంటున్న.

మీరు నాకు ఇచ్చిన అంశం ఇక్కడికి అయిపోయింది. ఇప్పుడు అసలు ముచ్చట.

తీర్మానంల రాసింది నాలుగు మాటలు. మేము చదువుకున్నది నలభై మాటలు. పార్టీ మాట వద్దు అన్నదానికి కార్పొరేటర్ దగ్గరికి పోయి మోరీ గురించి అడుగుడు గూడ రాజకీయమే అన్నం. తాగి వచ్చిన మొగడు కొట్టిండని ఒకామె ఏడిస్తే, “ఇంటి మాట ఇక్కడెందుకమ్మా, పొదుపు కట్టు” అన్నం. ఆ మాట అన్నది నేనే. అప్పటికి నేను లీడరైన. అంతర్గత అప్పు తీసుకున్నామె దేనికి తీసుకుంటున్నవని అడిగితే బాధపడతదని అడుగుడు బంద్ చేసినం. పుస్తకంల “ఇంటి అవసరం” అని రాస్తం. మీ పుస్తకాలు గూడ తీసి చూడుండ్రి, సగం అప్పులు “ఇంటి అవసరం” అనే ఉంటయి. ఆర్పీ అక్క నాకు సైగ చేస్తున్నది, మేనేజర్ సారు ముందట ఇదంతా ఎందుకని. సారుకు తెలియంది కాదక్కా.

ఇట్ల నడుస్తున్నప్పుడు మా సంఘంల ఒక చెల్లెకు కష్టం వచ్చింది. ఆమె పేరు చెప్పను. ఇక్కడ చెప్తనని ఆమెను అడిగిన, పేరు లేకుండ చెప్పు అన్నది. పాలమూరు దిక్కు ఆమె. భర్త వాచ్‌మన్. బండి మీద నుంచి పడి చెయ్యి విరిగింది, మూడు నెలలు ఇంట్లనే ఉన్నడు. జీతం లేదు. పని పోయింది, పనితోటి వచ్చిన రూము గూడ పోయింది. మాకు తెలిసింది ఇంతే. “ఎట్లున్నడు మీ ఆయన” అంటే “మంచిగనే ఉన్నడక్కా” అన్నది. మేము సంతోషపడి ఊరుకున్నం.

ఒక మీటింగుకు వచ్చినప్పుడు ఆమె మెడల పుస్తెలతాడు లేదు. పుస్తెలు పసుపు తాడుకు గుచ్చుకున్నది. కొంగు కప్పుకున్నది గానీ సంతకం పెట్టనీకి వంగినప్పుడు కనపడ్డది. నాకు కనపడ్డది. పక్కన కూర్చున్నోళ్ళకు కనపడ్డది. ఆడవాళ్ళం కదా, ఎవరి మెడల ఏమున్నదో మనకు చూడకుండనే తెలుస్తది. ఆ రోజు మేము ఏం మాట్లాడుకున్నమో నాకు మంచిగ యాదుంది. ఫ్లైఓవర్ కింద కూరగాయల బండ్లు పెట్టనిస్తలేరని మాట్లాడుకున్నం. పోయేటప్పుడు నేను గేటు దాకా పోయి “ఏమన్న ఉన్నదా” అని అడిగిన. “ఏం లేదక్కా, పని ఎక్కువైంది” అన్నది. సరే అన్న. అడిగిన కదా అని నా మనసుకు తృప్తి అయింది.

నెల దాటినంక ఒక రాత్రి నా ఫోన్ల వాట్సాప్ వచ్చింది. తెలియని నంబరు. ఆమె ఫోటో. ఫోటో మీద ఎర్ర అక్షరాలతోటి దొంగ అని, డబ్బు ఎగ్గొట్టి తిరుగుతున్నదని రాసి ఉన్నది. ఇంకా రాయరాని మాటలు గూడ ఉన్నయి. నేను చూసి గజగజ వణికిన. వెంటనే తీసేసిన. ఎవరన్న చూస్తే ఆ పిల్ల పరువు పోతదని తీసేసిన. మా ఆయనకు గూడ చెప్పలే.

తర్వాత తెలిసింది ఏందంటే, ఆ మెసేజ్ మా తొమ్మిది మందికీ వచ్చింది. తొమ్మిది మందిమీ తీసేసినం. తొమ్మిది మందిల ఒక్కరం గూడ ఇంకొకరితోటి అనలే. ఆమెతోటి అసలే అనలే. ఆ తర్వాత మీటింగుకు ఆమె వచ్చింది, అందరి మొఖాలు చూసింది. మేము ఎప్పటిలెక్కనే, ఏం ఎరుగనట్టు, నవ్వుకుంట మాట్లాడినం. ఆమె మర్యాద కాపాడుతున్నం అనుకున్నం. ఆ తర్వాతి వారం రూముకు తాళం పడ్డది. ఫోను బందు.

ఆమె లేనప్పుడు ఒకరు, “నీకు గూడ వచ్చిందా అక్కా?” అని మెల్లగ అడిగింది. అప్పుడు ఒక్కొక్కరు తల ఊపిండ్రు. అంతమంది ఫోన్లల్ల ఉన్న మాట నెల రోజులు ఎవరి నోట్లకూ రాలే.

బ్యాంకు లింకేజీ కింద ఆరు లక్షలు తెచ్చుకున్నం, మనిషికి అరవై వేలు. ఆమె వాటా ఇంకా ముప్పై ఎనిమిది వేలు ఉన్నది. నెలకు రెండు వేల దాకా ఆమె కిస్తీ మేము పొదుపు నుంచి కట్టినం, నాలుగు నెలలు. అప్పుడు చూడాలె మా సంఘం. గొడవలు లేని సంఘం అని పేరు. “ఆమెను చేర్పించింది ఎవరు”, “లీడరుకు తెల్వదా”, “ఆ దిక్కోళ్ళు ఇంతే”. ఆఖరి మాటకు ముగ్గురు పాలమూరు వాళ్ళల్ల మిగిలిన ఇద్దరు ఏడ్చిండ్రు. తీర్మానంల బంద్ చేసిన ప్రాంతం మాట పదమూడు పద్నాలుగేండ్లకు పక్క దర్వాజ నుంచి లోపలికి వచ్చింది.

ఈ యాపుల ముచ్చట మన ఏరియాకు కొత్తది కాదు. 2020 డిసెంబర్ల, లాక్‌డౌన్ అయినంక, మన సైబరాబాద్, హైదరాబాద్ పోలీసులు ఈ లోన్ యాపుల కాల్ సెంటర్ల మీద పడి మనుషులను పట్టుకున్నరు. అప్పటికే కొందరు ఈ బెదిరింపులకు ప్రాణాలు తీసుకున్నరు. వాళ్ళల్ల చదువుకున్నోళ్ళు, కంపెనీలల్ల పనిచేసినోళ్ళు గూడ ఉన్నరు. వాడి పద్ధతి ఏందంటే, యాప్ ఎక్కించుకునేటప్పుడు ఫోన్ల ఉన్న నంబర్లన్నీ గుంజుకుంటడు. మన చేతికి వచ్చేది తక్కువ, వారం దినాలల్ల కట్టమనేది ఎక్కువ. కట్టకుంటే నంబర్లన్నిటికీ మెసేజ్. వాడి వ్యాపారం అంతా మన సిగ్గు మీద నడుస్తది. మనం పది మందికి చెప్పుకోలేం అన్న ధైర్యమే వాడికి జామీను.

ఇంకో మాట చెప్త. ఇది మా అమ్మ ముచ్చట. 2010ల నా పెండ్లికి మా అమ్మ వారం వారం కట్టే ప్రైవేటు ఫైనాన్సులు మూడింట్ల అప్పు తెచ్చింది. ఒకదానిది కట్టనీకి ఇంకోటి. నాకు తెల్వదు. నా పెండ్లి చీర, బీరువా, మంచం, అన్నీ ఆ అప్పుల నుంచే వచ్చినయి. పండుగకు పోతే గడప మీద ఇద్దరు కూర్చొని ఉన్నరు, కిస్తీ కడితే గాని లేవమని. మా అమ్మ వాళ్ళకు చాయ్ పెట్టి ఇచ్చి, నాతోటి “సంఘం పనికి వచ్చిన సార్లు” అన్నది. ఆ ఏడాది అక్టోబర్ల అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద ఆర్డినెన్సు తెచ్చింది. అప్పుల బాధకు ఆడవాళ్ళు చచ్చిపోయిన వార్తలు ఊరూరి నుంచి వచ్చినంక తెచ్చిండ్రు. ఇంటి మీదికి పోయి వసూలు చెయ్యొద్దు, వారం వారం కాదు నెలకొకసారి తీసుకోవాలె, సంఘంల అప్పు ఉన్నామెకు అనుమతి లేకుండ ఇంకో అప్పు ఇవ్వొద్దు, వడ్డీ అసలును దాటొద్దు అని పెట్టిండ్రు. టీవీల ఈ వార్త వస్తుంటే మా అమ్మ కూర్చొని ఏడ్చింది. అప్పుడు తెలిసింది నాకు. మా అమ్మ చెప్పలే సరే, నేనన్న అడిగిన్నా? గడప మీద కూర్చున్న మనుషులు సంఘం సార్ల లెక్క లేరని నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. అడిగితే నా పెండ్లి ఖర్చు లెక్క బయటికి వస్తదని నేనే అడగలే.

అందుకని పసుపు తాడు చూసినప్పుడు నాకు తెల్వదు అని నేను చెప్పుకోలేను.

మా అత్తమ్మ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. “ఇంటి గుట్టు లంకకు చేటు” అంటది. ఆడది ఇంటి గుట్టు చాప మీద పెడితే సంసారం నిలబడదు అంటది. పెద్దమనిషి, నేను ఎదురు చెప్పను, ఒక్కసారి మాత్రం చెప్పిన. “అత్తమ్మా, విభీషణుడు ముందుగాల చెప్పింది రాముడికి కాదు గదా, ఇంట్లనే, అన్నకే చెప్పిండు. మండోదరి గూడ చెప్పింది. వింటే లంక ఉంటుండె” అన్న. రెండు రోజులు నాతోటి మాట్లాడలే. మూడో రోజు, “మండోదరి మాట ఎవడు వింటడు” అన్నది. అది నన్ను ఒప్పుకొని అన్నదో, తిట్టి అన్నదో నాకు ఇప్పటికీ తెల్వదు.

ఇక్కడ ఒక ముచ్చట మనం యాది చేసుకోవాలె, ఎందుకంటే ఇది మన సంఘాల పుట్టుక ముచ్చట. నెల్లూరు జిల్లాల దూబగుంట అని ఒక ఊరు. 1990 దాటినంక ఆ జిల్లాల అక్షరాస్యత ఉద్యమం కింద పెద్దలకు రాత్రి బడులు నడిచినయి. వాళ్ళ వాచకంల సీతమ్మ కథ అని ఒక పాఠం. తాగుబోతు మొగడితోటి సంసారం చేసే ఆడమనిషి కథ. అ ఆలు నేర్చుకోనీకి వచ్చినోళ్ళకు అది తమ ఇంటి కథ అనిపించింది. ఎవరికి వాళ్ళు తమ ఇంట్లనే ఉన్నదనుకున్న కష్టం అందరి ఇండ్లల్ల ఉన్నదని బడిల బయటపడ్డది. వర్ధినేని రోశమ్మ అనే ఆమె ముందట నిలబడ్డది. 1992ల ఆడవాళ్ళందరూ కలిసి ఊర్ల సారా బంద్ చేయించిండ్రు. అది పక్క ఊర్లకు, జిల్లాలకు పాకింది, సారా వేలంపాటలు ఆపేదాకా పోయింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం వచ్చినయి. ఆ సంపూర్ణ నిషేధం 1997ల పోయింది. పోయినంక మనకేం మిగిలింది అంటే, సారా దుకాణానికి పోయే పైసలు మిగిలినయి గదా, రోజుకో రూపాయి చొప్పున దాచుకోమని ఆ జిల్లాల పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టించిండ్రు. డ్వాక్రా అంతకు ముందు నుంచే ఉన్నది గానీ, ఊరూరికీ పొదుపు పాకనీకి ఆ నెల్లూరు ఆడవాళ్ళు పెద్ద కారణం. రోశమ్మ గారు 2016ల చనిపోయింది.

నేను మొదటిసారి ఈ కథ ట్రైనింగుల విన్నప్పుడు పొదుపు గురించి అనుకున్న. ఇప్పుడు నాకు వేరే తీరుగ కనపడుతున్నది. వాళ్ళు ముందుగాల పొదుపు చెయ్యలే. ముందుగాల ఇంటి మాట బయట పెట్టిండ్రు. ఇప్పుడు మన దగ్గర పొదుపు క్రమం తప్పకుండ ఉన్నది, తాగుబోతు మాట ఎత్తితే మాత్రం “ఇక్కడెందుకమ్మా” అంటున్నం.

ఇగ మా చెల్లె ముచ్చటకు వస్త. నాలుగు నెలలకు ఒక రాత్రి ఫోన్ చేసింది. తమ్ముని ఇంట్ల ఉన్నది. ఏడుస్తుంటే ఏడ్వనిచ్చిన. తర్వాత నేనే అన్న, “ఎందుకు చెప్పలే చెల్లె? నేను అడిగిన కదా గేటు కాడ?” అని. ఆమె అన్న మాట మీకు ఉన్నదున్నట్టు చెప్త. “మొదటిసారి అడిగితే ఎవరైనా ఏం లేదనే అంటరక్కా. నేను గూడ అబద్ధమే చెప్పిన. నువ్వు ఇంకోసారి అడిగితే చెప్తుంటి కావచ్చు.” కావచ్చు అన్నది. చెప్తుంటి అని గట్టిగ అనలే. నాకు ఆ మాట నిజం అనిపించింది.

ఆమెను ఇద్దరం పోయి తీసుకొచ్చినం. కూర్చోబెట్టి అన్ని అప్పులు ఒక కాగితం మీద రాసినం. రెండు వారం ఫైనాన్సులు, తాకట్టుల పుస్తెలతాడు, రెండు యాపులు, మన బ్యాంకు వాటా. యాపుల బెదిరింపుల మీద 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చినం. ఫైనాన్సు వాళ్ళతోటి మాట్లాడనీకి ఆర్పీ అక్క వచ్చింది. ఆ అక్క చెప్పినంకనే మాకు తెలిసింది, 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాల ప్రకారం, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి ఇచ్చే ఈ చిన్న అప్పులల్ల, ఆ ఇంటి మీద ఉన్న కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంల సగం దాటొద్దు. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు దాటినంక వసూలుకు ఫోన్లు చెయ్యొద్దు. బూతులు, బెదిరింపులు అసలే వద్దు. కంపెనీ వినకపోతే రిజర్వు బ్యాంకు నంబరు 14448 ఉన్నది. ఆమె ఇంటి లెక్క వేస్తే కిస్తీలే సంపాదన కంటే ఎక్కువున్నయి. ఎవరో ఒకరు ముందుగాల కూర్చొని కూడిక వేస్తే మూడో అప్పు దగ్గరనే ఆగుతుండె. పదో తరగతి దాకా గూడ పోనవసరం లేదు ఆ లెక్కకు.

ఇప్పుడు ఆమె మళ్ళీ పనికి పోతున్నది, సంఘంల ఉన్నది, మా పొదుపుల నుంచి కట్టింది నెలకు ఐదు వందల చొప్పున తిరిగి కడుతున్నది. పుస్తెలతాడు ఇంకా తాకట్టులనే ఉన్నది. అంతా బాగైపోయిందని నేను చెప్పను. ఆమెకు మాతోటి మునుపటి లెక్క నవ్వు రాదు. మాకు గూడ.

మేము తీర్మానం మార్చలే. పార్టీ, కులం, మతం, ప్రాంతం బంద్ అనే ఉన్నది. కింద ఒక్క వాక్యం కలిపినం: సభ్యురాలి పైసలు, ఒళ్ళు, పిల్లలు, ఈ మూడింటి మాట బంద్ కాదు. ఇంటి అవసరం అని రాసుడు బందు చేసినం, ఏ అవసరమో రాయాలె. రాయనీకి ఇష్టం లేకుంటే లీడరుకు ఒక్కదానికే చెప్పొచ్చు, చెప్పింది నేను ఇంకొకరికి చెప్తే నన్ను తీసేయొచ్చు. కొట్టిన ముచ్చట వస్తే 181కి ఫోన్ చేసుడు ఆమె ఇష్టం, మేము పక్కన కూర్చుంటం. మొదట్ల రెండు మూడు మీటింగులు మస్తు కష్టమైంది. అందరం చాప వైపు చూసుకుంట కూర్చున్నం. ఒకామె “ఇంతకంటే ఫ్లైఓవరే నయం” అన్నది, అందరం నవ్వినం, అప్పుడు కొంచెం దారి పడ్డది.

మాట్లాడినందుకు నష్టం గూడ అయింది, అది గూడ చెప్పాలె. ఇండ్లల్ల పని చేసేటోళ్ళు జీతం ఎంత వస్తదని ఒకరికొకరు చెప్పుకోరు. కంపెనీలల్ల చదువుకున్న పిల్లలు గూడ చెప్పుకోరంట. మా దగ్గర ఈ మధ్య చెప్పుకున్నరు. ఒకే అపార్ట్‌మెంటు, ఒకే పని, గిన్నెలు, ఊడ్చి తుడుచుడు. ఒకామెకు నాలుగు వేలు, ఒకామెకు రెండు వేల ఎనిమిది వందలు. తక్కువ వచ్చే ఇద్దరు పోయి అడిగిండ్రు. ఒక మేడం ఐదు వందలు పెంచింది. ఇంకో మేడం మరునాడే వేరే మనిషిని పెట్టుకున్నది. పని పోయినామె మా మీద కోపంగ ఉన్నది, “నోరు మూసుకొని ఉంటే నా ఇల్లు నాకుండు” అన్నది. ఆమెకు వేరే ఇల్లు దొరకనీకి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులకు అంతర్గత అప్పు ఇచ్చినం, దేనికో పుస్తకంల సక్కగ రాసినం.

ఆఖరిగ ఒకటి చెప్పి దిగిపోత. కులం మాట సంఘంల బంద్ అని రాసినం, దాన్ని నేను మెచ్చుకున్న. మాట బంద్ అయింది. కులం మాత్రం మీటింగుకు వస్తనే ఉన్నది. ఎవరింట్ల మీటింగు పెడితే చాయ్ ఎవరు తాగుతరు, ఎవరు “ఇప్పుడే తాగి వచ్చిన” అంటరు, అది చూస్తే తెలుస్తది. తండా ఆమె ఇంట్ల పెట్టినప్పుడు ఒక అక్క చాయ్ తాగలే. అల్సర్ ఉన్నది అన్నది. మా ఇంట్ల పెడితే అదే అక్క రెండు కప్పులు తాగింది. నేను పోసి ఇచ్చిన, చక్కెర సరిపోయిందా అని గూడ అడిగిన. తండా ఆమె నా మొఖం దిక్కే చూస్తున్నది. రెండుసార్లు అడగాలె అని ఇక్కడ మీ అందరి ముందట చెప్తున్న నేను, ఆ అక్కను ఒక్కసారి గూడ అడగలే. ఆ అక్క ఈ హాల్లనే ఉన్నది, నా మీద మంచి ప్రేమగల్లది, నా కాన్పులప్పుడు నాకు వండి పెట్టింది. వచ్చే మీటింగు మళ్ళీ తండా ఆమె ఇంట్లనే పెట్టుకున్నం, పదో తారీఖు, సాయంత్రం నాలుగు గంటలకు.